అప్పీలు వేయండి, మంగళవారం మాత్రం మానకండి

ప్రశ్న: మేడమ్, మేం కాలిఫోర్నియాలో, బే ఏరియాలో ఉంటాం. మా ఆయన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హెచ్-1బీ మీద ఉన్నారు. నేను ఇంట్లోనే ఉంటాను. బాబుకు 7 ఏళ్ళు, పాపకు 2 ఏళ్ళ 8 నెలలు. రెండున్నర నెలల కిందట బాబు హోంవర్క్ విషయంలో అబద్ధం చెప్పాడని మా ఆయన బెల్టు తీశారు. తొడ మీద, నడుం మీద వాతలు తేలాయి. మర్నాడు స్కూల్లో టీచరు చూసింది. సాయంత్రానికల్లా సోషల్ వర్కరూ పోలీసులూ మా గుమ్మంలో ఉన్నారు. పాప మీద ఎప్పుడూ చెయ్యి పడలేదు, అయినా ఇద్దర్నీ తీసుకెళ్ళారు.

కోర్టులో విచారణ జరిగింది. మా ఆయన సాక్ష్యం చెప్పారు. తను ఫ్రెండ్ అపార్ట్‌మెంట్‌కు మారిపోతానని, పిల్లల్ని నా దగ్గర ఉంచమని అడిగారు. తల్లి కూడా ఆపలేదు కదా అని జడ్జి ఇద్దరి నుంచీ తీసేశారు. పిల్లలు ఫాస్టర్ హోమ్‌లో ఉన్నారు. మంగళవారం, శుక్రవారం సాయంత్రం 4 గంటలకు విజిట్, ఒకావిడ పక్కన కూర్చుని రాసుకుంటూ ఉంటుంది. మా ఇద్దరికీ పేరెంటింగ్ క్లాసులు, కౌన్సెలింగ్ వేశారు. ఆ ఆర్డరు వచ్చి ఇవాళ్టికి 23 రోజులు.

అప్పీలుకు వెళ్ళొచ్చని లాయరు అన్నారు. అప్పీలులో గెలిచే పిల్లల్ని తెచ్చుకుందాం, ఈలోగా క్లాసులకు వెళ్తే తప్పు ఒప్పుకున్నట్టే అని మా ఆయన పట్టు. గుడి పూజారిగారి దగ్గర, పక్కింటివాళ్ళ దగ్గర ఉత్తరాలు కూడా రాయించుకుని పెట్టుకున్నారు. అప్పీలు వేస్తే జడ్జి పగబడతారని మా తోడికోడలు భయపెడుతోంది. తనకైనా పిల్లల్ని ఇస్తారని అత్తగారు తెనాలి నుంచి టికెట్ కొనేశారు. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఇంకొకటి, చిన్న విషయమే. విజిట్‌కు పెరుగన్నం తీసుకెళ్ళొచ్చా? పాప అక్కడ సరిగా తినడం లేదు.

జవాబు: అమ్మా, గడువు ఉన్న వ్యవహారం కాబట్టి మీకు జవాబు ముందే మెయిల్లో పంపేశాను. ఇలాంటి ఇల్లు మీది ఒక్కటే కాదని ఇక్కడ కూడా వేస్తున్నాను, ఆనవాళ్ళు మార్చి. నేను ఒకప్పుడు బెజవాడలో నల్లకోటు వేసుకున్నదాన్ని, ఆ తర్వాత కాలిఫోర్నియాలో పిల్లల కేసులు చూసే జువెనైల్ కోర్టుల్లో తెలుగు ఇంటర్‌ప్రెటర్‌గా కూర్చున్నదాన్ని. అక్కడ లాయరు లైసెన్సు నాకు లేదు. కాబట్టి ఇది చదివి మీ లాయర్ని నాలుగు ప్రశ్నలు అడగండి, అంతవరకే.

అప్పీలు వేయండి. క్లాసులకూ వెళ్ళండి. రెండూ కుదరవు, ఒకటే చేస్తాం అంటారా, అయితే క్లాసులకే వెళ్ళండి. మీ వారికి ఈ చివరి మాట నచ్చదని తెలుసు. అందుకే కారణం కాస్త వివరంగా చెబుతాను.

అప్పీలంటే పై కోర్టులో మళ్ళీ మొదటి నుంచీ వింటారని మనవాళ్ళ నమ్మకం. అలా వినరు. ముగ్గురు జడ్జీలు కూర్చుంటారు. సాక్షులు రారు, బాబును పిలవరు, మీ వారు బోనెక్కరు. వాళ్ళ ముందు ఉండేవి రెండు కట్టలు. ఒకటి కింది కోర్టులో దాఖలైన కాగితాలు, రెండోది విచారణ రోజున నోళ్ళలోంచి వచ్చిన ప్రతి మాటా టైపు చేసిన కట్ట. మీవారు రాయించుకున్న పూజారిగారి ఉత్తరం ఈ రెండు కట్టల్లో దేన్లోనూ లేదు. కొత్తగా చేర్చనివ్వరు కూడా. ఆ ఉత్తరం ఎంత మంచిదైనా సరే, అప్పీలుకు సంబంధించినంతవరకు అది లేనట్టే.

పై కోర్టు వేసుకునే ప్రశ్న కూడా వేరు. 'మేమైతే పిల్లల్ని తీసేవాళ్ళమా?' అని వాళ్ళు ఆలోచించరు. 'ఈ సాక్ష్యం చూసి వివేకం ఉన్న జడ్జి ఎవరైనా ఈ నిర్ణయానికి రాగలరా?' అని చూస్తారు. సోషల్ వర్కర్ ఒకటి చెప్పి మీ వారు ఇంకొకటి చెప్తే, కింది కోర్టు ఎవర్ని నమ్మిందో పై కోర్టు కూడా వాళ్ళ మాటే నిజమనుకుని మొదలుపెడుతుంది. తల్లిదండ్రుల అప్పీళ్ళలో ఎక్కువ భాగం ఇక్కడే ఆగిపోతాయి.

మరి ఎందుకు వేయమంటున్నాను? మీ కేసులో ఒక గట్టి పాయింటు ఉంది, అది ముఖ్యంగా మీది, మీ వారిది కాదు.

కాలిఫోర్నియా చట్టంలో రెండు మెట్లున్నాయి. మొదటి మెట్టు: పిల్లలు సెక్షన్ 300 కింద కోర్టు రక్షణలోకి రావాలా? దీనికి రావాలన్న వైపు సాక్ష్యం కొంచెం మొగ్గినా చాలు, ఆధారం ఏ ఒక్కటి నిలిచినా చాలు, తల్లీ తండ్రీ ఇద్దరిలో ఒకరి తప్పున్నా చాలు. ఇక్కడ మీకు పెద్ద ఆశ పెట్టలేను. పిర్రల మీద వయసుకు తగ్గట్టు, పెద్ద గాయం లేకుండా కొట్టిన దెబ్బను తీవ్రమైన హాని కింద లెక్కగట్టొద్దని ఆ సెక్షన్‌లోనే ఒక వాక్యం ఉంది. మీ వారు ఇంటర్నెట్‌లో అది చదివే ఉంటారు. కానీ నడుం మీద తేలిన బెల్టు వాత ఆ వాక్యం కిందకు రావడం కష్టం.

రెండో మెట్టు: పిల్లల్ని ఇంట్లోంచి తీసేయాలా? దీనికి చట్టం అడిగే రుజువు చాలా పెద్దది. స్పష్టంగా, గట్టిగా నమ్మించే సాక్ష్యం ఉండాలి. తీసేయడం తప్ప పిల్లల్ని కాపాడే వేరే దారి లేదని తేలాలి. కొట్టిన మనిషిని ఇంట్లోంచి పంపించి, కొట్టని తల్లి దగ్గర పిల్లల్ని ఉంచే దారిని కోర్టు తప్పకుండా ఆలోచించాలి. ఎందుకు కుదరలేదో కారణాలు చెప్పాలి. ఇది సెక్షన్ 361లో ఉంది. కింది కోర్టులో అంత పెద్ద రుజువు అవసరమైన చోట, పై కోర్టు కూడా ఆ కొలతను మనసులో పెట్టుకునే చూడాలని 2020లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు వేరే రకం కేసులో స్పష్టం చేసింది. ఆ తర్వాత పిల్లల కేసుల్లోనూ దాన్ని వాడుతున్నారు.

మీ వారు ఫ్రెండ్ ఇంటికి మారతానన్నారు. అది కోర్టులోనే అన్నారు, కాబట్టి టైపు కట్టలో ఉంటుంది. జడ్జి దానికి ఏమని జవాబిచ్చారు? 'తల్లి ఆపలేదు' అని ఒక్క మాటతో సరిపెట్టారా, లేక మారితే ఎందుకు చాలదో విడమరిచారా? నేను మీ లాయరునైతే ఆ కట్టలో మొట్టమొదట వెతికేది ఆ పేజీయే.

ఇక్కడే ఇంకో సంగతి. అప్పీలులో మీకూ మీ వారికీ వేర్వేరు లాయర్లు ఉండాలి, ఉంటారు కూడా. 'ఆయన్ని పంపించి నా దగ్గర ఉంచాల్సింది' అని మీ లాయరు రాస్తారు. అది చదివితే మీ వారికి గుచ్చుకోవచ్చు. మిమ్మల్నిద్దర్నీ విడదీస్తున్నారని మీ అత్తగారికి అనిపించవచ్చు. ఎవరూ విడదీయడం లేదు. పిల్లలు ఇంటికి రావడానికి ఉన్న దగ్గరి దారి మీ గుమ్మం గుండా వెళ్తోంది, అంతే.

చేయాల్సిన పని చిన్నది. జేవీ-800 అని ఒక ఫారం ఉంటుంది. ఏ తేదీ ఆర్డరు మీద అప్పీలో రాసి, మీరు గానీ మీ లాయరు గానీ సంతకం చేసి, మీ కేసు నడిచిన జువెనైల్ కోర్టు క్లర్కు దగ్గరే దాఖలు చేయాలి. ఫీజు లేదు. వాదనలేవీ అందులో రాయక్కర్లేదు. డిస్పొజిషన్ ఆర్డరు, అంటే పిల్లల్ని తీసేసి క్లాసులు వేసిన ఆ ఆర్డరు, వెలువడిన రోజు నుంచి 60 రోజులు గడువు. విన్నది జడ్జి కాక, జడ్జి బదులు కేసులు వినే రిఫరీ అయితే లెక్క కొంచెం మారుతుంది, ఆ నమ్మకంతో మాత్రం కూర్చోకండి. లాయరు పొరపాటున గడువు దాటించిన ఒక తల్లి కేసులో సుప్రీంకోర్టు 2021లో కొంత వెసులుబాటు ఇచ్చింది గానీ, ఆ గుమ్మం దాకా వెళ్ళే అవసరం మీకెందుకు? మీకు ఇంకా 37 రోజులున్నాయి. లాయరుకు ఫోన్లో చెప్పి ఊరుకోకుండా మెయిల్లో ఒక్క వాక్యం రాయండి: ఫలానా తేదీ ఆర్డరు మీద నా తరఫున అప్పీలు నోటీసు వేయండి, వేశాక కోర్టు ముద్ర ఉన్న కాపీ పంపండి. మీ వారు తన లాయరుకు విడిగా రాయాలి.

లాయరును పెట్టుకునే స్తోమత లేనివాళ్ళకు అప్పీలు కోర్టే లాయరును ఇస్తుంది. మీ కౌంటీ పేరు నేను బయటపెట్టను. శాంటా క్లారా కౌంటీ కేసులు శాన్ హోసేలో ఉన్న ఆరో డిస్ట్రిక్ట్ అప్పీలు కోర్టుకు, అలమీడా కౌంటీ కేసులు శాన్ ఫ్రాన్సిస్కోలో ఉన్న మొదటి డిస్ట్రిక్ట్‌కు వెళ్తాయి. ఈ అప్పీలు లాయరు కొత్త మనిషి. కింది కోర్టులో మీ కోసం నిలబడ్డ లాయరు, కేసు ఎలా నడుస్తోందో ఆ కోర్టు మధ్యమధ్య చూసే రివ్యూలకు మీతోనే ఉంటారు. ఇద్దర్నీ కలిపేసి, ఒకరికి చెబితే ఇంకొకరికి తెలిసిపోతుందనుకోకండి.

ఇక జడ్జి పగబట్టడం. మీ తోడికోడలికి చెప్పండి, ఆ జడ్జి ఆర్డర్ల మీద అప్పీళ్ళు వస్తూనే ఉంటాయి, వాళ్ళకది రోజువారీ వ్యవహారం. వినేది కూడా వేరే ముగ్గురు. అప్పీలు వేసినందుకు కాదు గానీ, క్లాసులు ఎగ్గొట్టినందుకు మాత్రం ఆ జడ్జి మీ మీద రాసే వీలుంది. ఇది బెదిరింపు అనుకోకండి, చట్టమే అలా ఉంది.

మీ పాప వయసు చూడండి. తీసుకెళ్ళిన రోజుకు 3 ఏళ్ళు నిండని పిల్లలకు కుటుంబాన్ని మళ్ళీ కలిపే సేవలు, అంటే ఈ క్లాసులు, కౌన్సెలింగ్ లాంటివి, మామూలుగా 6 నెలలే ఇస్తారు. పెద్ద పిల్లలకైతే 12 నెలలు. కానీ అన్నాచెల్లెళ్ళను కలిపి తీసుకెళ్ళినప్పుడు, వాళ్ళలో ఒక్కరికి 3 ఏళ్ళు నిండకపోయినా ఆ 6 నెలల లెక్క ఇద్దరికీ వేసే అధికారం కోర్టుకుంది. అంటే మీ బాబు గడియారం కూడా పాప గడియారమే కావచ్చు. పొడిగింపులు ఉంటాయి, 18 నెలల దాకా వెళ్ళిన కేసులున్నాయి. అవి క్లాసులకు వెళ్తూ, మారుతూ కనిపించిన తల్లిదండ్రులకు దొరికేవి.

ఇప్పుడు అప్పీలు గడియారం పక్కన పెట్టండి. నోటీసు పడ్డాక రికార్డు తయారుకావడానికి 20 రోజులు. అది చేరాక మీ లాయరు వాదన రాయడానికి 40, అవతలి పక్షమైన కౌంటీ జవాబుకు 30, మీ తిరుగు జవాబుకు 20. కూడితే 110. ఆ పైన నోటి వాదనలు, తీర్పు. మధ్యలో ఎవరో ఒకరు గడువు పొడిగించమని అడుగుతారు, ఇస్తారు. అప్పీలు తీర్పు వచ్చేసరికి 6 నెలల రివ్యూ అయిపోయి ఉండే అవకాశమే ఎక్కువ. ఈలోగా ఆర్డరు ఆగదు. అప్పీలు వేశాం కదా అని విజిట్లు పెరగవు, క్లాసులు రద్దు కావు.

ఆ రివ్యూలో పిల్లల్ని తిరిగి ఇవ్వాలన్నదే మూల సూత్రం. ఇస్తే ప్రమాదమని చూపించాల్సింది ఏజెన్సీ, అంటే పిల్లల్ని తీసుకెళ్ళిన కౌంటీ శాఖ. కానీ తల్లిదండ్రులు కోర్టు వేసిన కార్యక్రమాలకు సరిగా వెళ్ళలేదు, మార్పు కనిపించలేదు అంటే, ఆ ప్రమాదానికి అదే తొలి రుజువుగా తీసుకుంటుంది చట్టం. మీ వారు ఆత్మగౌరవం అనుకుంటున్న పని ఏజెన్సీ లాయరుకు చేతిలో పెట్టిన సాక్ష్యం అవుతుంది. ఆ రోజున సేవలు ఆపేసి, పిల్లల్ని శాశ్వతంగా ఎక్కడ ఉంచాలో తేల్చే విచారణకు తేదీ వేస్తే, దాని మీద పోరాడటానికి 60 రోజులు ఉండవు. మీరు కోర్టులో ఉంటే 7 రోజుల్లో జేవీ-820 ఫారం పడాలి. అది వదులుకుంటే ఆ నిర్ణయం మీద తర్వాత అప్పీలులో మాట్లాడే హక్కు కూడా పోతుంది. ఈ 7 రోజుల సంగతి ఇప్పుడే క్యాలెండర్లో రాసుకోండి, అవసరం పడకూడదనే కోరుకుందాం.

క్లాసుకు వెళ్తే తప్పు ఒప్పుకున్నట్టా? కాదు. మీరు నో కాంటెస్ట్ (ఆరోపణను ఎదిరించం) అనకుండా విచారణ కోరారు, మీ వారు సాక్ష్యం చెప్పారు, మీ అభ్యంతరం రికార్డులో ఉంది. క్లాసుకు వెళ్ళడం కోర్టు ఆర్డరు పాటించడం. ఒక చేత్తో అప్పీలు, ఇంకో చేత్తో సర్టిఫికెట్ పట్టుకుని వచ్చిన తల్లిదండ్రుల్ని ఆ వరండాల్లో చాలామందిని చూశాను.

మాటల గురించి కూడా చెప్పాలి, ఇది నా పాత పని కాబట్టి కాస్త ఎక్కువే చెబుతాను. ఇంటర్‌ప్రెటర్‌గా విన్నది బయట చెప్పకూడదు, అందుకని ఎవరి కేసూ చెప్పను. మన మాట ఒకటి చెబుతాను. 'చంపేస్తా వెధవా' అని మనింట్లో రోజుకు పదిసార్లు వినపడుతుంది, పాలు తాగనందుకు కూడా. 'వీపు విమానం మోత మోగుతుంది', 'కాళ్ళు విరగ్గొడతా', 'తాట తీస్తా'. అనేవాళ్ళకూ వినేవాళ్ళకూ అది కోపం అని తెలుసు. ఏడేళ్ళ పిల్లాడు, అమెరికాలో పుట్టి పెరిగినవాడు, సోషల్ వర్కర్ అడిగితే దాన్ని ఇంగ్లీషులో ఎలా చెబుతాడు? 'డాడీ సెడ్ హీ విల్ కిల్ మీ' అంటాడు. వాడు అబద్ధం చెప్పలేదు. ఆవిడ అలాగే రాసుకుంది. రిపోర్టులో అది చంపుతానన్న బెదిరింపు అయింది. ఫోన్లో ఇంటర్‌ప్రెటర్‌ను పెట్టినా అంతే. 'రెండు తగిలించాను' అన్న మాటలో మనకు వినపడే తేలిక టైపు కాగితంలో వినపడదు.

మీ రిపోర్టులో ఇలాంటివి ఉన్నాయేమో కూర్చుని వెతకండి. ఉంటే, విచారణలో ఎవరైనా దాన్ని సరిచేశారా చూడండి. సరిచేసి ఉంటే అప్పీలు లాయరుకు పనికొస్తుంది. ఎవరూ నోరెత్తకపోతే, కింది కోర్టులో అభ్యంతరం చెప్పనిదాన్ని ఇప్పుడు తీసుకురావద్దంటారు. అప్పుడది రివ్యూలో, కౌన్సెలర్ దగ్గర చెప్పుకోవాల్సిన మాట. ఇకపై కోర్టులోనూ సోషల్ వర్కర్‌తోనూ తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని గట్టిగా అడగండి. కోర్టులో దానికి మీరు డబ్బు కట్టక్కర్లేదు. మీ ఇంగ్లీషు బాగుంటుందని నాకు తెలుసు. ఏడుస్తున్నప్పుడు ఎవరి ఇంగ్లీషూ బాగుండదు.

ఇదంతా చెప్పి బెల్టు సంగతి దాటేస్తే తప్పవుతుంది. వాతలు తర్జుమాలో పుట్టలేదు. 'మా నాన్న మమ్మల్ని ఇంతకన్నా కొట్టేవాడు, మేం బాగుపడలేదా' అనే మాట మీ వారు కౌన్సెలింగ్‌లో అనకుండా ఉంటే మంచిది. అని ఆగిపోకుండా, అప్పుడు తనకెలా ఉండేదో కూడా చెప్పగలిగితే ఇంకా మంచిది. మీరూ ఆ గదిలోనే ఉన్నారా, పక్క గదిలో ఉన్నారా, ఎందుకు ఆపలేకపోయారు అన్నది ఈ కేసులో మీకు ఎదురయ్యే అసలు ప్రశ్న. జవాబు నాకు రాయనక్కర్లేదు. కౌన్సెలర్‌కు చెప్పండి. ఆయనంటే భయం అయితే, అది మీ లాయరుకు తప్పకుండా తెలియాలి.

పూజారిగారి ఉత్తరం పారేయకండి. దానికి చోటు వేరే ఉంది. పరిస్థితి మారితే, కొత్త సాక్ష్యం దొరికితే, ఆర్డరు మార్చమని అడగడానికి సెక్షన్ 388 కింద జేవీ-180 పిటిషన్ ఉంది. రివ్యూ దాకా ఆగకుండా కూడా వేయొచ్చు. మీ వారు నిజంగానే ఫ్రెండ్ ఇంటికి మారి, అద్దె కాగితం తన పేరున రాయించుకుని, క్లాసులు సగం దాటాక, పిల్లల్ని మీ దగ్గరకు పంపమని మీ లాయరు దీనితో అడగగలరు. కోర్టులో 'మారతాను' అన్న మనిషి ఈ 23 రోజుల్లో మారారా? మీ ఉత్తరంలో ఆ సంగతి లేదు. మారకపోతే ఈ వారాంతం మంచి రోజే.

అత్తగారి టికెట్ గురించి. తాత, అమ్మమ్మ, నాయనమ్మ, మేనమామ, పిన్ని లాంటి దగ్గరి బంధువులకు చట్టం మొదటి పరిశీలన ఇస్తుంది. కానీ ఆ పరిశీలనలో ఇల్లు చూస్తారు, వేలిముద్రలు చూస్తారు, పిల్లలకు నెలల తరబడి నిలకడ ఉంటుందా అని చూస్తారు. విజిటర్ వీసా మీద వచ్చి మీ ఇంట్లోనే దిగే నాయనమ్మకు అది కష్టం. ఆవిడ రావొద్దనడం లేదు, కోర్టు ఒప్పుకుంటే విజిట్లకు రావచ్చు, మీకు తోడుంటారు. పిల్లల్ని పెట్టడానికి మాత్రం ఇంకోవైపు చూడండి. బంధువు కాకపోయినా పిల్లలకు ముందు నుంచీ చనువున్న మనిషిని కూడా చట్టం లెక్కలోకి తీసుకుంటుంది. మీ అపార్ట్‌మెంట్లలోనే బాబు 'పిన్నీ' అని పిలిచే ఒకావిడ ఉండే ఉంటుంది. గ్రీన్ కార్డో సిటిజన్‌షిప్పో ఉండి, ఒక గది ఖాళీగా ఉన్న ఇల్లయితే మరీ మంచిది. ఆవిడ పేరు, ఫోన్ నంబరు సోషల్ వర్కర్‌కు రాసి ఇవ్వండి. వేరే రాష్ట్రంలో మీ అన్నదమ్ములుంటే అదీ చెప్పండి, అక్కడి ప్రభుత్వం ఇల్లు చూసి ఒప్పుకోవాలి కాబట్టి నెలలు పడుతుంది, అందుకే ఇప్పుడే చెప్పాలి.

పోలీసులు కూడా వచ్చారన్నారు. క్రిమినల్ కేసు పడిందో లేదో రాయలేదు. పడితే అది ఈ కేసుకు పూర్తిగా వేరు. పిల్లల కోర్టు ఆర్డరు శిక్ష కాదు. క్రిమినల్ కోర్టులో పిల్లల మీద హింస కింద శిక్ష పడితే మాత్రం దేశం నుంచి పంపించేయడానికి అదొక కారణం అవుతుంది. చిన్న కేసు, ఒప్పుకుంటే ప్రొబేషన్‌తో పోతుంది అని ఎవరన్నా సరే, ఇమిగ్రేషన్ లాయరును అడగకుండా మీ వారు దేనికీ తలూపకూడదు. వీసా చిక్కుల గురించి క్రిమినల్ లాయరు చెప్పి తీరాలని అమెరికా సుప్రీంకోర్టు 2010లోనే అంది.

ఇంకో రకం సలహా కూడా ఇండియా నుంచి వచ్చే ఉంటుంది: వీడియో తీసి పెట్టండి, టీవీవాళ్ళతో మాట్లాడతాం, ఎంబసీని కదిలిద్దాం అని. 2011లో నార్వేలో ఒక భారతీయ జంట పిల్లల విషయంలో ఢిల్లీ దాకా కదిలింది, నిజమే. 2012లో ఆ పిల్లల్ని అప్పగించింది బాబాయికి, అమ్మానాన్నలకు కాదు. కాన్సులేట్‌కు తెలియజేయండి, తప్పులేదు, కానీ ఆర్డరు మార్చడం వాళ్ళ చేతిలో లేదు. కాలిఫోర్నియాలో ఈ కేసుల కాగితాలు గోప్యం. పిల్లల ఫొటోలతో వాట్సాప్‌లో తిరిగే ఒక్క వీడియో రివ్యూ రిపోర్టులో ఒక పేరా అవుతుంది.

అప్పీలులో ఉండగానే పిల్లలు ఇంటికొచ్చేస్తే, కోర్టు ఇంక తేల్చేదేమీ లేదని అప్పీలును కొట్టేయవచ్చు. మీ వారు దాన్ని ఓటమి అనుకుంటారేమో, కాదు, పిల్లలు ఇంటికొచ్చారు. అయితే ఒక చిక్కు ఉంది: శారీరక హింస రుజువైన రిపోర్టుల్లోని పేర్లు చైల్డ్ అబ్యూజ్ సెంట్రల్ ఇండెక్స్ అనే రాష్ట్ర స్థాయి జాబితాలోకి వెళ్తాయి. రేపు స్కూల్లో ఉద్యోగానికో, ఇంట్లో డేకేర్ పెట్టుకోవడానికో వెళ్తే అది అడ్డొస్తుంది. కోర్టే హింస జరిగిందని తేల్చాక ఆ పేరు తీయించుకోవడం కష్టం. ఇలా ఇంకా అంటుకుని ఉన్న నష్టం ఏదైనా చూపగలిగితే అప్పీలును బతికించే వీలుందని 2023లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఒక కేసులో చర్చించింది. ఆ నష్టం కచ్చితంగా ఉందని చూపాలి, ఊహ చాలదు. ఇది అప్పీలు లాయరుతో మాట్లాడాల్సిన సంగతి.

ఇక పెరుగన్నం. చిన్న విషయం అని రాశారు, నాకలా అనిపించలేదు. విజిట్లకు చాలా చోట్ల తిండి తీసుకెళ్ళనిస్తారు, ముందు సోషల్ వర్కర్‌ను అడగాలి. ఒక మెసేజ్ పెట్టి, సరే అన్న జవాబు దాచుకోండి. ఆవకాయ, వేరుశనగలు వద్దు, ఎవరికి ఏ అలర్జీ ఉందో అని వాళ్ళు కంగారు పడతారు. ఇంట్లో పాప తినే స్టీలు గిన్నెలోనే కలిపి తీసుకెళ్ళండి. మీరు తెలుగులో మాట్లాడటానికి అభ్యంతరం ఉందేమో అడగండి. కొన్నిచోట్ల పక్కన కూర్చునేవాళ్ళకు అర్థం కావాలంటారు. అప్పుడు తెలుగు వచ్చిన మానిటర్‌ను అడగొచ్చు, దొరక్కపోతే తెలుగులో ఒక మాట, వెంటనే ఇంగ్లీషులో అదే మాట. కేసు గురించి, ఇంటికి ఎప్పుడొస్తారన్న దాని గురించి పిల్లల ముందు ఎత్తకండి. బాబు 'నా వల్లే కదా' అంటే కాదని చెప్పండి, నాన్న కూడా అదే చెప్పాలి. విజిట్ అయ్యాక పాప ఏం తింటుందో, ఎలా కలిపితే తింటుందో ఒక కాగితం మీద ఇంగ్లీషులో రాసి ఫాస్టర్ తల్లికి ఇమ్మని అక్కడి ఆవిడ చేతికివ్వండి: అన్నం మెత్తగా, పెరుగు ఎక్కువ, ఉప్పు తక్కువ, చెంచా వద్దు, చేత్తో ముద్దలు. మంగళవారం 4 గంటలకంటే 10 నిమిషాల ముందే వెళ్ళండి, పార్కింగ్ దొరకదు.